రోంత ఉప్పు

జమ్మలమడుగులో సీతాపతి గురించి ఎవరిని అడిగినా రెండు సంగతులు చెప్తారు. ఒకటి, ఆయన పులివెందుల ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్లూ ఆయన బల్ల మీద ఒక్క ఫైలు కూడా మర్నాటికి మిగిలేది కాదు. రెండోది, భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద మింగి తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు పెళ్లయిన కొత్తలో ఏదో, రిటైరయ్యాక కూడా అదే. "ఉప్పు రోంత తక్కువైంది."

ఆ ఇంట్లో వంటకు ఒక కట్టుబాటు ఉంది. వండిన ప్రతిదీ ముందు దేవుడి గూట్లో ఉన్న నరసింహస్వామి ముందు పెట్టాలి. నైవేద్యం అయ్యేదాకా వండేవాళ్లు దాన్ని నాలుక మీద వేసుకోకూడదు, గరిటె ముక్కు దగ్గరికి కూడా తేకూడదు. సీతాపతి తల్లి అట్లాగే వండింది, ఆమె తర్వాత రుక్మిణి అట్లాగే వండింది. రుచి చూసే వీలే లేని మనిషిని పూటపూటా ఉప్పు గురించి నిలదీయడం ఏం న్యాయమని ఎవరైనా అడగవచ్చు. ఎవరూ అడగలేదు. రుక్మిణి అసలే అడగలేదు. లేచి వంటింట్లోకి పోయి, చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన పప్పులో విదిలించేది. ఆయన కలుపుకుని ఇంకో ముద్ద మింగి, "ఆ, ఇప్పుడు సరిపోయింది" అనేవాడు. అప్పుడే ఆ ఇంట్లో మిగతావాళ్లు అన్నంలో చేయి పెట్టేవాళ్లు.

అట్లాంటి ఇంట్లో కిందటి వానాకాలంలో రుక్మిణి కళ్లు మసకబారాయి. మొదట సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత పంచాంగంలో అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే పొయ్యి దగ్గరికి రానివ్వరని భయం. చివరికి ఒకరోజు పోపు వేయబోయి నూనెను బాణలిలో కాకుండా పక్కన మంట మీద పోసింది. మోచేతి దాకా కాలింది. అరుపు విని పరుగెత్తుకొచ్చిన సీతాపతికి గ్యాసు ఎట్లా కట్టేయాలో తెలియలేదు. కాలిన చేత్తోనే ఆమె కట్టేసింది. ఆ సంగతి గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రొద్దుటూరు కంటి ఆసుపత్రిలో చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. ఎడమ కన్ను బాగా ముదిరింది, ఆపరేషను చేస్తే చక్కగా కనపడుతుంది, కానీ ఇప్పుడు చేయలేమన్నారు. ఆమె ఒంట్లో చక్కెర అంత ఎక్కువగా ఉంది. దించుకుని రండి, ఆలస్యమైతే మాత్రం కష్టం అని చెప్పి, చక్కెర జబ్బు చూసే డాక్టర్ సమీరా దగ్గరికి పంపారు.

సమీరా చిన్న వయసుదే కానీ మాట గట్టిది. రిపోర్టు చూసి సీతాపతి వైపు తిరిగింది. "మాత్రలు నేను పెంచుకుంటా పోతే లాభం లేదు పెద్దాయనా. తిండి మారల్ల. తెల్లన్నం తగ్గించి కొర్రలో జొన్నలో పెట్టండి. ఆకుకూరలు, పప్పులు, కాయగూరలు బాగా తినల్ల. నూనె, ఉప్పు తగ్గల్ల. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

రుక్మిణి కట్టు కట్టిన చేయి కొద్దిగా ఎత్తింది.

"ఈ కండ్లతోనా? ఇంక పొయ్యి దగ్గరికి పోవద్దు మీరు."

పక్కన కూతురు నీరజ ఉంది. పులివెందులలో బడి పంతులమ్మ. తల్లి కోసం ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. "నేను నెలరోజులు సెలవు పెడతా" అంది. రుక్మిణి వద్దంది. వంటమనిషిని పెడదామంటే, రుచి చూడకుండా వండమంటే ఏ వంటమనిషి వస్తుంది? ఆ తల్లీకూతుళ్ల మాటల మధ్య సీతాపతి గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ సెలవు పెట్టేది లేదు. నేను వండుతా."

 రుక్మిణి ఆయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, "ఏందీ?" అంది.

"వండుతా అంటాండా. అంత పెద్ద ఆఫీసు నడిపినోణ్ణి, పప్పు ఉడకేయలేనా?"

ఆఫీసు వేరు, పప్పు వేరు అని ఆయనకు మర్నాడే తెలిసింది.

మార్కెట్లో ఆకుకూరలమ్మే లాల్‌బీ దగ్గర రుక్మిణి ఏళ్లుగా బేరమాడేది. సీతాపతి సంచి పట్టుకుని వెళ్లి నిలబడేసరికి లాల్‌బీ వెనక్కి తొంగి చూసింది. "ఏం సామీ, అమ్మ రాలేదా?"

"లేదు. ఇంక నేనే వస్తా. నేనే వండుతాండా."

లాల్‌బీ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. మడత నలగని పంచె, జేబులో పెన్ను, చేతిలో తిరగేసి పట్టుకున్న సంచి. "అట్లయితే పాలకూర తీస్కపోండి సామీ. దాన్ని ఎవురు వండినా చెడదు" అంది.

సీతాపతి ఆ మాటకు నొచ్చుకున్నాడు. నొచ్చుకుని కూడా పాలకూరే కొన్నాడు.

కొర్రల్ని బియ్యంలాగే కడిగి కుక్కర్లో పెట్టాడు. అవి ముందుగా గంటల తరబడి నానాలని ఆయనకెవరు చెప్పారు? పైన గంజి, కింద పలుకులు వచ్చాయి. పాలకూర పప్పు మాత్రం చూడ్డానికి బాగానే ఉంది. స్వామికి నైవేద్యం పెట్టి, రుక్మిణికి వడ్డించి, తనూ కూర్చుని మొదటి ముద్ద మింగాడు. అలవాటు చొప్పున నోరు తెరిచాడు. "ఉప్పు..." అన్నంతవరకూ వచ్చి ఆగిపోయాడు. రోంత తక్కువ కాదు. అసలు వేయడమే మరిచిపోయాడు.

 రుక్మిణి కొర్ర పలుకుల్ని నెమ్మదిగా నములుతూ విస్తరి ఖాళీ చేసింది.

ఆ మధ్యాహ్నం సీతాపతి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆఫీసులో చూడాల్సిన ఫైళ్లు ఎడమ వైపు ట్రేలో ఉండేవి, సంతకం పెట్టినవి కుడి వైపుకు పోయేవి. వంటకూ అదే పెడదామనుకున్నాడు. వంట మొదలుపెట్టేటప్పుడు ఉప్పు డబ్బా పొయ్యికి ఎడమ పక్క. ఉప్పు వేయగానే కుడి పక్క. ఎడమ పక్కనుంటే వేయాలి, కుడి పక్కనుంటే వేసేసినట్టు. ఇంక మరపు అనే మాటే ఉండదు. తన తెలివికి తనే మురిసిపోయి, ఫోన్ చేసి నీరజకు కూడా వివరించాడు.

ఆ పద్ధతి నాలుగు పూటలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు రుక్మిణి అన్న పాపయ్య తొండూరు నుంచి చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడు. పాపయ్య పౌరోహిత్యం చేస్తాడు. నాలుగు మండలాల్లో పెళ్లిళ్లు, వ్రతాలు ఆయనవే, కాబట్టి ఒక వార్త ఆయన చెవిన పడితే ఆ నాలుగు మండలాలకూ పడినట్టే. బావమరిది ముందు తన ప్రజ్ఞ చూపించాలని సీతాపతి ఆ పూట సొరకాయ పులుసు పెట్టాడు.

పాపయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేదు, కక్కలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఊపిరి పీల్చుకుని, "బావా, ఈ దప్పిక తొండూరు దాకా తీరదు" అన్నాడు.

సీతాపతి తిని చూశాడు. పులుసు ఉప్పు కషాయమైంది.

"పెన్ను పట్టిన చేతికి గరిటె ఎందుకు బావా? చెన్నూరులో మావాళ్లుండారు, మడిగా వండే మనిషిని చూసి పంపమంటా. మా చెల్లెలికి కండ్లొచ్చేలోపల బీపీ తెచ్చేటట్టుండావు."

"ఎవరూ వద్దు" అన్నాడు సీతాపతి. గొంతులో పౌరుషం ఉంది కానీ, మొహంలో మాత్రం లేదు.

పాపయ్య వెళ్లిపోయాడు. దేవుడికి పెట్టినదాన్ని పారేయకూడదు గనక ఆ పులుసును మజ్జిగలో కలుపుకుని సీతాపతే తాగాడు. రుక్మిణి తన విస్తట్లోది అప్పటికే తినేసింది, ఇంకా పోసుకోబోతే ఒప్పుకోలేదు. సాయంత్రం ఇద్దరూ వసారాలో కూర్చున్నప్పుడు ఆయన మనసులో ఒకటే బాధ. డబ్బా ఎడమ పక్కే ఉంది. తను స్వయంగా చూసే ఉప్పు వేశాడు. మరి ఎట్లా జరిగిందని పైకే అనేశాడు.

"డబ్బానా?" అంది రుక్మిణి. "నేనే సర్దితినండీ. పొద్దున పులుసు పొయ్యి మీద పెట్టి మీరు మా అన్న దగ్గరికి వస్తిరి గదా, అప్పుడు నీళ్ల కోసం వంటింట్లోకి పోయింటి. తడిమితే డబ్బా కుడి పక్కన తగిలింది. దాని చోటు ఎడమ పక్క కదా, యాడ పెట్టేది ఆడ పెట్టేస్తి."

 సీతాపతి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పులుసు సంగతి ఆ నవ్వులో కొంత చల్లారింది.

"అంత ఉప్పు తింటివి గదా, ఒక్క మాటన్నా అనకపోతివే" అన్నాడు.

"దేవుని ముందర పెట్టినాక వంక పెట్టగూడదని మా అమ్మ చెప్పింది."

ఆమె ఎత్తిపొడవలేదు. ఉన్న మాట చెప్పింది. కానీ సీతాపతికి తగలాల్సిన చోటే తగిలింది. తను ఇన్నేళ్లూ పూటపూటా వంక పెట్టింది ఎవరికి నైవేద్యమైన అన్నానికి? ఆ ప్రశ్న వేసుకోవడానికి ఆయనకు ఇంతకాలం పట్టింది. నిజంగా సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోనే, ఇన్నేళ్లుగా అడగని మాట అడిగాడు.

"రుచి చూడకుండా నువ్వు ఉప్పెట్ల వేస్తాంటివి రుక్మిణీ?"

"చేత్తో."

"మరి నేను రోజూ తక్కువైందంటాంటిగా?"

రుక్మిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పాలా వద్దా అని ఊగిసలాడింది. "ఒక మాట చెప్తా, కోపం చేసుకోగూడదు. మొదట్లో నిజంగానే ఉప్పు తెచ్చి వేస్తాంటి. ఒగనాడు డబ్బాలో ఉప్పు అయిపోయింది. ఏం చేసేది? ఉత్త వేళ్లు తెచ్చి మీ పప్పులో విదిలిస్తి. మీరు తిని, ఆ, ఇప్పుడు సరిపోయింది అంటిరి."

"తర్వాత?"

"తర్వాత ఉప్పు దండగ ఎందుకని అదే చేస్తాంటి."

"ఎన్నిసార్లు?"

"ఎవరు లెక్క పెట్టినారండీ" అంది రుక్మిణి.

సీతాపతి లేచి వాకిలి దాకా పోయి వచ్చాడు. కోపం రావాలి కదా అని చూసుకున్నాడు. వచ్చినట్టే వచ్చి, నవ్వుగా మారింది. పెద్ద పెద్ద ఆఫీసర్ల రాతల్లో తప్పులు పట్టిన మనిషి, భార్య ఉత్త వేళ్లు విదిలిస్తే ఉప్పు రుచి చూశాడు. ఈ సంగతి పాపయ్యకు తెలిస్తే తొండూరు నుంచి వేముల దాకా పొర్లి పొర్లి నవ్వుతాడు.

"నేర్పిస్తావా?" అన్నాడు.

రుక్మిణి ఆయన్ని ఉప్పు డబ్బా తెమ్మంది. ఆయన చేయి పట్టుకుని అరచేతిని వేళ్లతో తడిమింది. "మీ చెయ్యి నా దానికంటే పెద్దది. నా కొలత మీకు పనికిరాదు. కండ్లు మూసుకోండి." ఆయన మూసుకున్నాడు. ఆమె ఉప్పు తీసి ఆయన అరచేతి గుంటలో పోసింది, కొంచెం తీసేసింది, మళ్లీ కొంచెం పోసింది. "ఒక గిన్నె పప్పుకు ఇంత. డాక్టరమ్మ తగ్గించమనింది గదా, అందుకే ఈ గీత దాటగూడదు. చూడద్దండీ. చూస్తే నేర్చుకోలేరు. బరువు చేతికి తెలియల్ల."

ఆ సాయంత్రం చీకటి పడేదాకా సీతాపతి వసారాలో కళ్లు మూసుకుని ఉప్పు తీసుకోవడం, పోయడం చేస్తూ కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఏదో జపం అనుకున్నారు.

అక్కడి నుంచి పని గాడిలో పడింది. కొర్రల్ని ముందు రాత్రే నానబెట్టడం తెలిసింది. నూనె తగ్గితే వేపుడు అడుగంటుతుందని, మంట తగ్గించి మూతపెట్టి మూత మీద నీళ్లు పోస్తే అంటదని తెలిసింది. మటిక్కాయల్ని, అవే గోరుచిక్కుళ్లను, పీచు తీసి సన్నగా తరగడానికి మొదట్లో పొద్దంతా పట్టింది. తర్వాత మాటల్లోనే అయిపోయేది. జొన్నరొట్టె ఒక్కటి మాత్రం లొంగలేదు. తట్టగా తట్టగా అది ఏ దేశం పటంలా వస్తే అట్లాగే కాల్చేవాడు. లాల్‌బీ ఇప్పుడు పాలకూర ఇవ్వడం మానేసి, "సామీ, ఈరోజు చింతచిగురు వచ్చింది, పొన్నగంటి వచ్చింది" అని వెనక దాచి ఇచ్చేది. అది తనకు దక్కిన ప్రమోషను అని ఆయన అనుకున్నాడు.

మార్గశిరం పోయి పుష్యం వచ్చింది. పరీక్షకు ప్రొద్దుటూరు వెళ్లే రోజు సీతాపతి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పరీక్ష భార్య చక్కెరకు కాదు, తన ఉద్యోగానికి ఇన్‌స్పెక్షన్ జరుగుతున్నట్టే ఉంది ఆయనకు.

సమీరా రిపోర్టు చూసి పెదవి విరిచింది. "రోంతే దిగింది. ఆపరేషనుకు ఇది చాలదు."

సీతాపతి మొహం పాలిపోయింది. ఏం వండాడో, ఎట్లా వండాడో, నూనె ఎంత తగ్గించాడో వరసగా చెప్పుకొచ్చాడు.  సమీరా అంతా విని, రుక్మిణి వైపు తిరిగింది.

"వేరే ఏమన్నా తింటాండారా అమ్మా?"

"స్వామి తోడు డాక్టరమ్మా. మా ఆయన పెట్టింది తప్ప ఇంకేమీ ముట్టలేదు. పొద్దున గుళ్లో ప్రసాదం, అంతే."

"ఏం ప్రసాదం?"

"ధనుర్మాసం కదా, చక్కెర పొంగలి."

"రోజూనా? ఎంత?"

"దొన్నెడు పెడతారు. నెయ్యి బాగా వేస్తారు."

"అమ్మా, అది తిండే కదా?"

"తిండి కాదమ్మా, ప్రసాదం" అంది రుక్మిణి, ఇంత చదివిన పిల్లకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

సీతాపతికి అరవాలనిపించింది. నోరు తెరిచాక గుర్తొచ్చింది, ఆమెను చేయి పట్టుకుని రోజూ గుడికి తీసుకుపోయింది తనే. పక్కన నిలబడి తనూ ఒక దొన్నె ఖాళీ చేశాడు. ఇంటికొచ్చి నూనె చుక్కలు కొలిచాడు. ఒక్క పొద్దన్నా ఆ దొన్నె లెక్కలోకి వస్తుందని తోచలేదు. నోరు మూసుకున్నాడు.

సమీరా నవ్వు ఆపుకుంది. "మా అమ్మకూ షుగరే. ఉరుసులో పంచే మిఠాయి తిండి కాదని వాదిస్తుంది. మీరు ప్రసాదం వద్దనొద్దు. ఒక్క మెతుకు కండ్లకద్దుకుని నోట్లో వేసుకోండి. మీ దేవుడు అంతకంటే ఎక్కువ అడగడు."

 బస్సు మైలవరం కాలవ దాటాక రుక్మిణి మెల్లగా అంది. "మీ కష్టమంతా నేనే మట్టి చేస్తి."

"నువ్వొక్కదానివే కాదులే. ఇద్దరం చేస్తిమి" అన్నాడు. ఆమె చేతి మీద కాలిన మచ్చ ఎండలో మెరుస్తోంది. ఆయన దాన్ని అరచేత్తో కప్పాడు.

మర్నాడు తెల్లవారకముందే సీతాపతి స్నానం చేసి పొయ్యి ముట్టించాడు. నానిన కొర్రలు, పెసరపప్పు కలిపి ఉడికించాడు. జీలకర్ర, మిరియాలు, అల్లం వేసి, నెయ్యి ఒక్క చెంచాతో పోపు పెట్టాడు. కళ్లు మూసుకుని ఉప్పు తీశాడు. అరచేతి గీత దాకా వచ్చిందని చేయి చెప్పింది. నరసింహస్వామి ముందు పెట్టి, "స్వామీ, ఈ నెలంతా నీకు కూడా పథ్యమే" అని దణ్ణం పెట్టుకున్నాడు. గుళ్లో రుక్మిణి ఒక్క మెతుకు కళ్లకద్దుకుంది. ఇంటికి వచ్చాక ఆయన ఆ కొర్ర పొంగలి పెట్టాడు. ఆమె తిన్నది. విస్తరి ముందుకు జరిపింది.

"ఇంగోంచెం పెట్టండి" అంది.

ఆయన వంటకు మారు అడగడం అదే మొదలు. సీతాపతి గరిటె నిండా పొంగలి తీసి పెట్టాడు. ఉద్యోగంలో ఆయనకు శాలువాలు కప్పారు, సన్మానపత్రాలు చదివారు. అవేవీ ఇంత సంతోషం ఇవ్వలేదు.

మాఘమాసంలో మళ్లీ పరీక్ష చేస్తే చక్కెర దిగింది. సమీరా రిపోర్టును రెండుసార్లు చూసి, "ఎవరు వండినారమ్మా?" అని తెలిసీ అడిగింది. రుక్మిణి తల ఎత్తి, బయట వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినపడేటట్టు, "మా ఆయన" అంది. శివరాత్రికి ముందే ఎడమ కంటికి ఆపరేషను జరిగింది.

నల్లద్దాలు తీయవచ్చని చెప్పిన తర్వాతి ఆదివారం సీతాపతి అందరినీ భోజనానికి పిలిచాడు. పులివెందుల నుంచి నీరజ వచ్చింది. తొండూరు నుంచి పాపయ్య వచ్చాడు, వస్తూ చేతిలో నీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. "ముందుజాగ్రత్త బావా" అన్నాడు. సీతాపతి పట్టించుకోలేదు. తెల్లవారుజామునుంచి వంటింట్లోంచి బయటకు రాలేదు, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కొర్రన్నం, చింతచిగురు పప్పు, మటిక్కాయల వేపుడు, రోట్లో నూరిన నువ్వుల ఊరిబిండి, మజ్జిగ. నైవేద్యం అయ్యాక విస్తళ్లు వేసి తనే వడ్డించాడు.

పాపయ్య అన్నంలో చేయి పెట్టలేదు. నీరజా పెట్టలేదు. మొదటి ముద్ద రుక్మిణిదని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. ఆమె పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. మింగింది. సీతాపతి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. 

"ఉప్పు రోంత తక్కువైంది" అంది రుక్మిణి.

పాపయ్య నీళ్ల సీసా వైపు పోతున్న చేయి మధ్యలో ఆగింది. నీరజ తల్లి మొహం చూసి, తండ్రి మొహం చూసి తల వంచుకుంది. సీతాపతి వంటింట్లోకి పోయాడు.

ఉప్పు డబ్బా కుడి పక్కనే ఉంది. వేశాడు. చేతికి గుర్తుంది, గీత దాకా వచ్చింది. మరి చేయి మోసం చేసిందా? ఇన్ని నెలలు నేర్చుకున్నది ఇంతమంది ముందు పోయిందా? నైవేద్యం అయిపోయింది గనక ఇప్పుడు రుచి చూడవచ్చని తోచి, గిన్నెలోంచి కాస్త పప్పు అరచేతిలో వేసుకుని నాకాడు. ఇంకోసారి నాకాడు. పప్పు సరిగ్గా ఉంది. చిటికెడు ఎక్కువ లేదు, చిటికెడు తక్కువ లేదు.

అప్పుడు అర్థమైంది. అర్థమైన క్షణాన ఆయన ఛాతీ పొంగింది. ఆ మాట తినేవాళ్లు అనేది, వండినవాళ్లు పడేది. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ అది ఒక్క మనిషే పడింది. ఇవాళ ఆ చోటు తనకు దక్కింది.

డబ్బా ముట్టకుండానే బయటకు వచ్చాడు. వేళ్లు చిటికెలా పట్టుకుని, రుక్మిణి విస్తరి మీదికి వంగి, పప్పులో రెండుసార్లు విదిలించాడు. ఒక్క రవ్వ రాలలేదు. ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

రుక్మిణి కలుపుకోలేదు. ఆయన వేళ్లను చూస్తోంది. చూసి చూసి, కళ్లలో నీళ్లు ఊరుతుండగా నవ్వింది.

"ఉప్పు లేదండీ మీ వేళ్లల్లో" అంది. "ఉత్త వేళ్లు. నాకు కనపడతాండాది."

ఏం జరిగిందో పాపయ్యకు అర్థం కాలేదు. నీళ్ల సీసా పక్కన పెట్టి, పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత మాట్లాడకుండా రెండో ముద్ద కలిపాడు.

సీతాపతి అడిగాడు. "ఇప్పుడు సరిపోయిందా?"

"ఆ" అంది రుక్మిణి, ముద్ద నోట్లో పెట్టుకుని. "ఇప్పుడు సరిపోయింది."